నా బదులు నాయన

పోయిన వారం మా మనవరాలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, కళ్లద్దాలు తగిలించుకొని ఒకసారి చూడమనీ, యూనివర్సిటీకి రాసిన అర్జీలో తప్పులేమైనా ఉంటే చెప్పమనీ అడిగింది. మా అమ్మాయికి ఆపరేషన్ జరిగి మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆసుపత్రి, వంటిల్లు, మందులు అన్నీ ఈ పిల్లే చూసుకుంది. దాంతో యూనివర్సిటీలో హాజరు బాగా తగ్గిపోయింది, పరీక్షలేమో నెత్తిమీదికి వచ్చాయి. వాళ్ల యూనివర్సిటీ వాళ్లు, అనుకోని ఇబ్బందులు వచ్చిపడి చదువు మధ్యలో ఆగిన పిల్లలు ఏం చేయాలో చెబుతూ ఓ చిన్న పుస్తకమంత నియమాలు వెబ్‌సైటులో పెట్టారట. పిల్లకే జబ్బు చేస్తే ఒక దారి, తల్లికో తండ్రికో బాగలేకపోతే ఒక దారి, ఇంట్లో ఎవరైనా పోతే ఒకటి, ఊరు వరదలో మునిగితే ఒకటి, చివరికి మనసు బాగలేకపోయినా ఒకటి. ఉద్యోగమంతా కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి ఇలాంటివి నాకు కొత్త కాకూడదు, అయినా ఆదివారం పేపరు చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదువుతూనే ఉండిపోయాను. తప్పులు చూడమంటే నువ్వేంది తాతా పరీక్షకు చదివినట్టు చదువుతాండావు అని ఆ పిల్ల ఫోను లాక్కొని, ఆసుపత్రి కాగితాలు ఫోటో తీసి అర్జీకే అతికించి పంపేసింది. మరుసటి రోజు కాఫీల వేళకు జవాబు వచ్చింది, పరీక్ష రాయొచ్చని. ఆమె దాన్ని చదివి, హమ్మయ్య అని ఒక్కమాట అని, వాళ్లమ్మకు రాగిజావ కాయడానికి లోపలికి వెళ్లిపోయింది.

నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. అంత పెద్ద గండం అంత చప్పుడు లేకుండా దాటిపోతుందని మన తరం వాళ్లం ఎవరైనా అనుకున్నామా? మన రోజుల్లో నియమాలంటే నోటీసు బోర్డుకు గుండుసూదులతో గుచ్చిన పేజీలు, సగం అక్షరాలు అచ్చు కుదరక అలికినట్టు ఉండేవి. అందులో ఇబ్బందుల గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. విద్యార్థి స్వయంగా అనారోగ్యం పాలైతే డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకుంటే హాజరులో కొంత తరుగు మన్నిస్తారు, అంతే. మనిషికి తన ఒంట్లో జ్వరం తప్ప వేరే కష్టం రాదని ఆ వాక్యం రాసిన వారి నమ్మకం. అనంతపురం వైపు వాళ్లం దాన్ని చదివి నవ్వుకునే వాళ్లం, ఎందుకంటే మాకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఆకాశం నుంచి వచ్చేవే.

మాది ఉరవకొండ అవతల ఒక మెట్ట ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు, ఇదే మా సంసారం. వేరుశనగ చేలోనే మాడిపోయిన ఏళ్లలో, బీళ్లలో గడ్డిపోచ కూడా మిగలనప్పుడు, గొర్రెలున్న ఇళ్ల వాళ్లంతా మందలు కలుపుకొని తుంగభద్ర కాలువ కింది పొలాలకు తోలుకుపోయేవాళ్లు. కోత అయిన మళ్లలో గొర్రెలకు మేత దొరుకుతుంది, రాత్రి మందను తన పొలంలో ఆపితే ఎరువు పడుతుందని అక్కడి రైతు ఇన్ని గింజలు ఇస్తాడు. అలా ఒక పొలం నుంచి ఇంకో పొలానికి నడుచుకుంటూ వానలు పడేదాకా కాలం గడపడమే. ఆ మంద వెంట ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి ఉండి తీరాలి. అయితే ఆ మనిషి ఎవరన్నది ఎవరికీ పట్టదు. అన్నకు వీలుకాకపోతే తమ్ముడు, తమ్ముడు లేకపోతే అల్లుడు, మనిషి మారినా ఆ ఇంటి వంతు తీరిందా లేదా అన్నదే చూస్తారు. దాన్ని మా వైపు బదులు పోవడం అంటాం. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాయన చేసిన పనికి మూలం ఇక్కడే ఉంది.

నేను ఎమ్మెస్సీ లెక్కల్లో చేరిన మొదటి ఏడే కరువు వచ్చింది. మా ఇంట్లో బడి దాటి చదివిన మొదటి వాణ్ని నేనే. అనంతపురంలో ఒక స్నేహితుడితో కలిసి చిన్న గది అద్దెకు తీసుకొని ఉండేవాణ్ని, స్కాలర్‌షిప్ డబ్బులతో గది, ఇంటినుంచి వచ్చే జొన్నపిండితో కడుపు గడిచిపోయేవి. ఇక మంద కాలువ వైపు కదలబోతుందనగా నాయన గొర్రెల కోసం తుమ్మకొమ్మలు కొట్టడానికి చెట్టెక్కి, కాలుజారి బండమీద పడ్డాడు. కాలు విరిగింది. ఎముకలకు కట్టు కట్టే ఆయన అనంతపురంలోనే ఉండేవాడు, ఆ కట్టు మధ్యమధ్య విప్పి మళ్లీ కట్టాలి కాబట్టి నాయనను తెచ్చి మా గదిలోనే పడుకోబెట్టాం. అమ్మ ఇంట్లో ముసలి జేజిని, అంటే మా నాయనమ్మను, వదిలి కదలలేదు. మంద వెంట నడవడానికి మా ఇంటినుంచి మిగిలిన మనిషిని నేనొక్కణ్నే. మా మేనమామ కబురు పంపాడు, వంతు తప్పితే మన గొర్రెల్ని విడదీసి పంపేస్తారని. మేత లేని ఊళ్లో ఆ గొర్రెలు ఏమవుతాయో చెప్పనక్కరలేదు. నా పుస్తకాలు స్నేహితుడికి అప్పగించి, నాయన కంబళి భుజాన వేసుకొని, ఉరవకొండ బస్సు ఎక్కాను. కొద్ది రోజుల్లో ఎవరో ఒకరు నన్ను విడిపిస్తారనే అనుకున్నాను కానీ మంద బళ్లారి వైపు దాటిపోయింది, నేనూ దాని వెంటే పోయాను.

ఇక్కడ గదిలో జరిగినదంతా నాకు తర్వాత నా స్నేహితుడు చెప్పాడు, చెప్పినప్పుడల్లా కొంచెం ఉప్పూకారం కలిపే చెప్పేవాడు గనక మీరూ అలాగే తీసుకోండి. నాయన పగలంతా గోడకానుకొని ఒంటరిగా కూర్చోలేక, నువ్వు దినామూ పోయి ఆడ చేసే పని ఏందప్పా అని వాణ్ని అడిగాడట. కూర్చొని వినడమే పెద్దనాయనా, వేరే ఏముంటుంది అన్నాడట వీడు. దానికి నాయన, "కూసునే పనే గదా. నడిసేది వాడు జేస్తాండాడు, కూసునేది నేను జేస్తా, నన్ను గూడా పిల్సకపో" అన్నాడట.

మరునాడు పొద్దున తలపాగా చుట్టుకొని, చంకకింద కర్ర పెట్టుకొని, కట్టుకాలుతో మా నాయన యూనివర్సిటీ బస్సు ఎక్కాడు. క్లాసులో వెనక బెంచీ మీద కూర్చొని, విరిగిన కాలు దారిలోకి చాపుకున్నాడు. మా హెడ్డు సారు గోదావరి వైపు మనిషి, తెల్లటి చొక్కా, మితమైన మాట, హాజరు తానే పిలిచేవాడు. నా పేరు వచ్చేసరికి వెనకనుంచి గట్టిగా వినిపించిందట, "మావోడు మందకాడ ఉండాడు సార్, వాని బదులు నేనొచ్చినా" అని. క్లాసంతా గొల్లుమంది. సారు ఒక్కరే నవ్వలేదు. ఇక్కడ అలా కుదరదండి, ఎవరి హాజరు వాళ్లదే అని మర్యాదగానే చెప్పాడట. సారు తన విరిగిన కాలు చూసి మొహమాటపడుతున్నాడనుకొన్నాడు మా నాయన. "పరవాలేదులే సార్, నాకేం పనిలేదు, కూసుంటా" అని ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత సారు నా పేరు ఎదురుగా రాయవలసిందే రాసుకొని, పాఠంలోకి వెళ్లిపోయాడు.

అది ఒకరోజు ముచ్చటగా పోలేదు. నాయన రోజూ వెళ్లాడు. జ్వరం వచ్చినా వెళ్లాడు. ఆడపిల్లలు ఆయన కాలు తగలకుండా పక్కనుంచి నడిచేవాళ్లు, మగపిల్లలు బస్సు దగ్గర చెయ్యి అందించేవాళ్లు, మధ్యాహ్నం ఎవరో ఒకరి డబ్బాలో ఆయనకు వాటా ఉండేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, బోర్డు మీద గీతలేవో అక్షరాలేవో తెలియదు. ఆయనకు ఉన్న ఫిర్యాదు ఒకటే. "అంత కష్టపడి రాసి, మళ్లా ఆయప్పే తుడిచేస్తాడు. ఉంచితే మావోడు వచ్చి చూసుకుంటాడు గదా" అని నా స్నేహితుడి దగ్గర రోజూ నసిగేవాడట. ఈ మాట ఎలా చెవిన పడిందో, ఒక పూట సారు బోర్డు తుడవకుండానే వెళ్లిపోయాడని, తర్వాత గంట వచ్చిన లెక్చరరు అది తుడవబోతే పిల్లలే వద్దన్నారని వాడు ప్రమాణం చేసి చెప్పేవాడు. నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు, నమ్మడమే బాగుంటుంది.

మా మేనమామ కొడుకు వచ్చి నన్ను విడిపించేసరికి నాయన కాలికి కట్టు విప్పేశారు, పరీక్షలు ముంచుకొచ్చాయి. ఎండకు నల్లబడి, గొర్రెల వాసనతో గదిలో అడుగుపెట్టాను. నన్ను చూడగానే ఆయన చెప్పిన మొదటి మాట, "ఒక్క దినం గూడా ఎగ్గొట్టలేదప్పా నేను" అని. ఆ మొహంలో ఉన్న సంతోషం చూసి, కంబళి మడిచి ఆయన పక్కన పెట్టాను. పొద్దున యూనివర్సిటీకి పోయి చూస్తే, హాజరు చాలక పరీక్షకు అర్హత లేని వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, అన్నిటికంటే పైన నాదే.

పరీక్ష రాయకపోతే ఏం పోతుంది, వచ్చే ఏడు రాసుకోవచ్చు కదా అని ఈ కాలం పిల్లలు అనవచ్చు. పరీక్ష పోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది, అది ఆగితే గది లేదు, గది లేకపోతే అనంతపురం లేదు. కరువు ఏడాదిలో మా ఇంటికి నా రెండు కాళ్ల అవసరం ఎంత ఉందో నాకు తెలుసు. ఒకసారి చదువు ఆపి కంబళి భుజాన వేసుకుంటే దాన్ని దించే రోజు మళ్లీ రాదని నాకు భయం.

క్లాసు పిల్లలు ఒక ఉపాయం చెప్పారు. టౌనులో అడిగిన వాడికల్లా కామెర్లని రాసిచ్చే డాక్టరు ఒకాయన ఉన్నాడు, అందరూ చేసేదే, పోయి తెచ్చుకో అని. నేనూ దానికి సిద్ధపడ్డాను. గదిలో ఈ మాట నాయన చెవిన పడింది. "బాగుండే బిడ్డకు రోగమని రాపిస్తారా? మన ఇండ్లల్లో నోటితో గూడా అనం గదరా అట్లాంటి మాట, కాగితం మీద ఏయిస్తావా?" అని కర్ర నేలకేసి కొట్టాడు. నిజమే, గొర్రె ఎలా ఉందని అడిగితే కూడా మా వాళ్లు పైకి జబ్బు మాట ఎత్తరు, అంటే అది దారి వెతుక్కుంటూ వస్తుందని నమ్మకం. సర్టిఫికెట్ ఎందుకని ఆయన అడిగాడు. హాజరు లేదని చెప్పక తప్పలేదు. "మరి నేను దినామూ పోతి గదా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. నా స్నేహితుడే నెమ్మదిగా, అది లెక్కలోకి రాదు పెద్దనాయనా, మొదటి రోజే సారు చెప్పినాడు గదా అన్నాడు. నాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన్ను అంత చిన్నబోయి నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

మరునాడు నా కంటే ముందే తయారై, హెడ్డు సారు గదికి పోదాం పద అన్నాడు. సారు ఆయన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు కానీ నాయన కూర్చోలేదు, తలపాగా చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. మీ పద్ధతి తెలియక చేశాననీ, తప్పుంటే తనదేననీ, పిల్లవాడు సినిమాలకూ షికార్లకూ పోలేదనీ చెప్పాడు. సారు మంచిగానే నియమం తీసి, విద్యార్థి స్వయంగా అనారోగ్యం పాలైతేనే అన్న వాక్యం తెలుగులో విప్పి చెప్పాడు. అది విని నాయన, "కాలు ఇరిగింది నాది సార్, దానికి నడిసింది వాడు. ఇద్దరం కలిస్తేనే గదా ఒక ఇల్లు. మీ రూలులో ఇల్లనేదే లేదా?" అన్నాడు.

సారు నియమాల కాగితం బల్లమీద పెట్టేశాడు. తర్వాత తన గోదావరి యాసలో, "లేదండి. ఆ రూలు రాసింది నేను కాదు, మార్చడం నా చేతిలోనూ లేదు. అయితే వరసగా రాని కుర్రాడి పేరు రిజిస్టర్లోంచి కొట్టేయాలని ఇంకో రూలుంది. మీరు రోజూ అలా ఎదురుగా కూర్చునుంటే నేనెలా కొట్టేస్తానండీ? పేరు ఉంది గనకే ఇవాళ ఇతని కోసం పైవాళ్లను అడగ్గలను" అన్నాడు. నాయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తలపాగా మళ్లీ నెత్తికి చుట్టుకున్నాడు.

సారు ఆ రోజే పైకి రాశాడు. ఈ విద్యార్థి ఇంటికి వచ్చిన కష్టానికి డాక్టరు సర్టిఫికెట్ అవసరం లేదనీ, ఆ విరిగిన కాలును తాము ఇన్నాళ్లూ తమ తరగతి గదిలోనే కళ్లారా చూశామనీ రాసి సంతకం చేస్తే, మా లెక్చరర్లందరూ కింద సంతకాలు పెట్టారు. జవాబు వచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు, నాయన మాత్రం హాయిగా గురక పెట్టాడు, సారు చెప్పాక ఇంకేముంది అని. చివరికి జవాబు వచ్చింది. అందరితో పాటు పరీక్ష రాయడానికి వీల్లేదు. కానీ పోయిన పాఠాలు వేసవి సెలవుల్లో డిపార్ట్‌మెంటులోనే హాజరై పూర్తిచేస్తే, తర్వాత జరిగే సప్లిమెంటరీలో రాయవచ్చు, స్కాలర్‌షిప్ ఆపరు. నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు.

ఎండలు మొదలవుతూనే గోదావరి వైపు పారిపోయే మా సారు ఆ ఏడు ఊరికి పోలేదు. ఖాళీ క్లాసులో కిర్రుమనే ఫ్యాను కింద ఒక్క శిష్యుడి కోసం బోర్డు నింపాడు. "ఈ ఎండలో మనుషులెలా బతుకుతున్నారయ్యా బాబూ" అని రోజుకోసారైనా నన్ను తిట్టేవాడు, ఎండకు నేనే పూచీ అన్నట్టు. నేనొక్కణ్నే ఉన్నా పాఠానికి ముందు రిజిస్టర్ తెరిచి నా పేరు పిలిచేవాడు, నేనూ లేచి నిలబడి పలికేవాణ్ని. పరీక్ష పాసయ్యాను, ఆ తర్వాత చదువు ఎక్కడా ఆగలేదు, నేను కాలేజీ మెట్లెక్కి సుద్దముక్క పట్టుకున్న రోజున సారుకు ఉత్తరం రాశాను.

నాయన ఆ కాలును కొంచెం ఈడుస్తూనే మళ్లీ మంద వెంట పోయాడు. చాలా ఏళ్లకు, ఇక గొర్రెలు అమ్మేసి మా ఇంట్లోనే ఉంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం మాటల మధ్యలో నేను అడిగాను. సారు మొదటి రోజే కుదరదని చెప్పాడు, పాఠం ఒక్క ముక్క అర్థం కాదు, నొప్పి కాలుతో బస్సెక్కి రోజూ ఎందుకు పోయావు నాయనా అని. ఆయన వక్కాకు నములుతూ నములుతూ, "లెక్కకొస్తాదో రాదో నాకు గూడా సగం అనుమానమేరా. అంత పెద్ద బిల్డింగులో, అంత సదువుకున్నాయన, దినామూ మన ఇంటిపేరుతో సహా నీ పేరు పిలుస్తాండె. మన ఇంటిపేరు ఆడ ఎప్పుడన్నా ఎవురన్నా పిలిచినారా? అది ఇనేకి పోతాంటి" అన్నాడు.

మనవరాలు జావ కాచి తెచ్చాక, మీ క్లాసులో హాజరు ఎవరు పిలుస్తారమ్మా అని అడిగాను. ఎవరూ పిలవరు తాతా, తలుపు దగ్గర మిషన్ ఉండాది, వేలు పెడితే అదే రాసుకుంటాది అంది. ఇప్పటి నియమాలు మంచివి, అందులో అనుమానం లేదు. మా నాయన అడిగిన ఇల్లు ఇప్పుడు రూల్లోకి వచ్చింది, తలపాగా చేతిలో పట్టుకొని ఎవరి గది ముందూ ఎవరూ నిలబడనక్కరలేదు, వేసవిలో ఏ సారూ ఊరు మానుకోనక్కరలేదు. అంతా తలచుకొని చేతులు జోడిస్తాను. కానీ వేలు పెట్టి లోపలికి పోయే పిల్లలకు తమ పేరు పదిమందిలో గట్టిగా పిలిస్తే ఎలా ఉంటుందో తెలుసా అని మాత్రం మనసు గుంజుతుంది. ఆ పిల్ల లోపలికి పోయి గిన్నెలు కడుగుతుంటే, ఉన్నట్టుండి నాకేమనిపించిందో, ఇంటిపేరుతో సహా ఆమె పేరు క్లాసులో పిలిచినట్టే పిలిచాను. ఏంది తాతా అంటూ తడిచేతులతోనే వెనక్కి వచ్చి నిలబడింది. ఏమీ లేదులేమ్మా, నువ్వు ఉండావని రాసుకుంటాండా అన్నాను.